ఉత్తరం రాని పేర్లు

(సాలూరులో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2016లో లైఫ్ సర్టిఫికెట్ గుర్తుచేస్తూ మనం వేసిన ఉత్తరాలు కొందరికి అందలేదు. పాచిపెంట వైపు కొండ ఊరినుంచి ఒక ఫ్యామిలీ పెన్షనరమ్మ బస్సెక్కి వచ్చి, "ఏటి బాబూ, నన్ను సచ్చిపోయినోల్ల లెక్కలో ఏసీసినారేటి?" అని అడిగింది. సర్టిఫికెట్ చేరకపోతే పెన్షన్ ఆగుతుంది. ఆమె భయం ఉత్తుత్తిది కాదు. ఆమె కాగితం అప్పటికప్పుడే పూర్తి చేయించాం. మరి రాలేనివాళ్ల సంగతో? కొండ ఊళ్ల పేర్లు సరిగా టైపు కాలేదని కొందరన్నారు. నాకా మాట నచ్చలేదు.

అదే జాబితాను మూడుసార్లు నడిపి, ఉత్తరం రాని పేర్లు కాగితంమీద రాసుకున్నాను. మూడుసార్లూ వేర్వేరు పేర్లు! తప్పు పేరులో ఉంటే ప్రతిసారీ ఆ పేరే ఆగాలి కదా. తెరమీద "ఫోర్క్: రిసోర్స్ టెంపరరిలీ అన్‌అవైలబుల్" అని వస్తోంది. మెమరీ చాలలేదు, కొందామన్నారు. చూస్తే సగం ఖాళీ.

ఉద్యోగంలో నేను యూనిక్స్ మీద పనిచేశాను. ఉత్తరాల ప్రోగ్రామూ ఆ పద్ధతిలోనే రాశాను. సంఘం కంప్యూటరు విండోసుది. మధ్యలో దుబాసీ సిగ్విన్. అది 1995లో మొదలైంది. యూనిక్సులో ఫోర్క్ అంటే, నడుస్తున్న పని అచ్చం తనలాంటి నకలును పుట్టించడం. మన ప్రోగ్రాములో ఉత్తరానికో నకలు. విండోసు ప్రోగ్రాములకు ఆ సదుపాయం లేదు. మన ఊళ్లో లారీకి బాడీ కట్టినట్టు, సిగ్విన్ కొత్త పనిని మొదటినుంచి కట్టి, పాతదాని మెమరీని అందులోకి ఎక్కించాలి.

చిక్కంతా ఇక్కడే. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. నోట్‌ఫైల్లో "17వ పేజీ చూడుడు" అని రాస్తాం. ఫైలుకు నకలు తీసినా ఆ కాగితం 17వ పేజీలోనే ఉండాలి. అక్కడ ఇంకెవరి కాగితమో దూరితే ఆ నోటు ఎందుకూ పనికిరాదు. కంప్యూటర్లో అలాంటి కాగితాలు డీఎల్‌ఎల్‌లు. నకలులోనూ అవి అదే చిరునామాలో కూర్చోవాలి. మన పాత 32 బిట్ల యంత్రంలో అసలే చోటు ఇరుకు. పైగా కొత్తగా వేసిన యాంటీవైరస్ తన డీఎల్‌ఎల్‌ను ప్రతి పనిలోనూ దూరుస్తోంది, ఒక్కోసారి ఒక్కోచోట. చోటు కుదిరిన నకలు బతికింది, కుదరనిది పుట్టగానే పోయింది.

నెట్ తీసి, యాంటీవైరస్ తొలగించి చూశాను. తప్పులు తగ్గాయి, పోలేదు. తర్వాత రీబేస్ నడిపాను. అది డీఎల్‌ఎల్‌లకు ఒకదానిమీద ఒకటి పడకుండా వేరువేరు చోట్లు కేటాయిస్తుంది. వాడుకలో ఉన్న ఫైలును మార్చనివ్వదు గనుక ముందు సిగ్విన్ పనులన్నీ ఆపాలి. చాలామంది ఇది మరిచి, రీబేస్ వల్ల లాభం లేదంటారు! ఆ సాయంత్రం జాబితా చివరిదాకా నడిచింది. యాంటీవైరస్‌ను మళ్లీ పెట్టాం గానీ, సిగ్విన్ ఫోల్డరు జోలికి పోవద్దని సెట్టింగులో చెప్పాం.

64 బిట్లలో చోటు విస్తారం గనుక ఈ బాధ అరుదు. 2022 చివర్లో వచ్చిన 3.4 నుంచి సిగ్విన్ 32 బిట్లను వదిలేసింది కూడా. అయినా అప్పుడు చేర్చిన లెక్కను నేను తీసెయ్యలేదు. పేర్లెన్ని, అచ్చయిన ఉత్తరాలెన్ని అని ప్రోగ్రాము చివర్లో సరిచూస్తుంది. కలవకపోతే ఆగిన పేర్లు తెరమీద చూపిస్తుంది. సెలవు.