'నూరేళ్ళ వరద' నూరేళ్ళకు ఒకసారే వస్తుందా?

(శ్రీరంగాపూర్‌లో సభ్య సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)



కృష్ణ ఇక్కడికి దూరం, మనకు వరదల సంగతి ఎందుకని కొందరు అడిగారు. వాగు పొంగినా, రంగసముద్రం నిండినా లెక్క ఒకటే. కాకపోతే నదికి అంకెలున్నాయి గనుక నదితో మొదలుపెడతాను.

2009లో దేశంలో నైరుతి వానలు సాధారణం కంటె 22 శాతం తక్కువ. ఆ ఏడే అక్టోబరు 2న కర్నూలు మునిగింది. గద్వాల వైపు తుంగభద్ర ఒడ్డున రాజోలి మునిగింది. సుమారు 19 లక్షల క్యూసెక్కులకు లెక్కవేసి కట్టిన శ్రీశైలం ఆనకట్టకు 25 లక్షలకు పైగా వచ్చాయి. 885 అడుగులకు నిండవలసిన జలాశయం సుమారు 896కు చేరింది.

ఇంజనీర్ల లెక్క తప్పా? నేను తప్పనను. పాల ధరకు వెన్న శాతం సగటు చాలు. వరదకు సగటు పనికిరాదు. ప్రతి ఏటి పొంగులలోనూ అన్నిటికన్న పెద్దదానినే తీసుకుని, వరుసగా పేర్చి, ఆ పోకడనుబట్టి ఇంకా కంటబడని పొంగును అంచనా కడతారు. జర్మనీలో పుట్టిన గుంబెల్ దీనిమీద 1958లో ఒక గ్రంథమే ప్రచురించాడు. చిక్కల్లా, నలభై యాభై ఏళ్ళ అంకెలతో వెయ్యేళ్ళ వరదను చెప్పవలసి రావడం. వరుసలో 2009 ఒక్కటి చేరితే జవాబు మారిపోతుంది.

నూరేళ్ళ వరద అంటే ఏటా నూటికి ఒక పాలు అవకాశమని అర్థం. నిరుడు వచ్చింది గనుక ఈ ఏడు రాదనడానికి లేదు. తీసిన చీటీని మళ్ళీ కుండలో వేసినట్లే. ముప్పై ఏళ్ళు నిలవాలని కట్టిన పాల కేంద్రానికి అది తగిలే అవకాశం నూటికి 26. యాభై ఏళ్ళకైతే దాదాపు 40. వాగు పక్కన జాగా చవకగా వచ్చిందని సంబరపడే సంఘాలు ఈ అంకె చూడాలి.

మన వాగుకు కొలతల పుస్తకం మనమే మొదలుపెడదాం. పాల రిజిస్టరు పక్కన ఇంకొకటి ఉంచి, ఏటా నీరు అన్నిటికన్న ఎత్తుకు ఎక్కిన రోజు తేదీ, ఎత్తు రాయండి. గోడమీద రంగుగీత గీయండి. పెద్దలు "ఇక్కడిదాక వచ్చింది" అని చూపితే ఏ సంవత్సరమో కూడా అడగండి. సంవత్సరం లేని గుర్తు లెక్కకు అందదు. దాణా బస్తాలు, పరీక్ష యంత్రం ఆ గీతకు బాగా పైన ఉండాలి. పశువులను మాత్రం నీరు గీత దాకా రాకముందే పలుపు విప్పి మెరకకు తోలండి. గుంజకు కట్టిన బర్రె ఎంత ఈత వచ్చినదైనా ఈదలేదు.

రిజిస్టరును ఈ వానాకాలంనుంచే తెరిచి, ఏటా మహాసభలో చదివి వినిపించవలసిందిగా కార్యదర్శులకు మనవి.