పెరటికూరలు – దుప్పుల బెడద



అడవియంచున నున్న గ్రామములలో పెరడు పెంచువారికి ఒక చిక్కు గలదు. సాయంకాలము నీరు పోసి వచ్చిన తోటకూరమడి తెల్లవారునప్పటికి మోడులుగా మిగులును. చిక్కుడుతీగ సగము తెగి వ్రేలాడుచుండును. నల్లమలను చేరియున్న పల్లెలలో ఈ బెడద వేసవియందు హెచ్చు. కొండలపై గడ్డి యెండి, కుంటలు ఇంకిపోయినప్పుడు దుప్పులు నీటిని వెదకికొనుచు పొలిమేరకు దిగివచ్చును. వాని కంటికి అప్పుడు మన పెరటికంటె పచ్చనిది వేఱొకటి కానరాదు. కూరను కాపాడుకొనుట యెట్లు, కాపాడుకొనుచు పాపమును నేరమును మూటగట్టుకొనకుండుట యెట్లు అనునదియే నేటి ప్రసంగవిషయము.

ముందుగా వచ్చిన జంతువేదియో యెఱుగవలయును. కుందేలు కొఱికిన కాడ కత్తితో కోసినట్లు ఏటవాలుగా నుండును. దుప్పికి పైదవుడయందు ముందుపండ్లు లేవు. కావున అది ఆకును పట్టి లాగి చించును. తెగినచోట పీచులు కనబడును. మేకయు నిట్లే చించును గాని, మేక రాత్రివేళ కొట్టములో నుండును గదా! మడిలో చీలిన గిట్టల జాడలు చూచినచో సందేహము తీరును. వాడుకలో మనము అన్నిటిని జింకలే యందుము. ఒడలినిండ తెల్లని చుక్కలుగలది దుప్పి. ముదురు కపిలవర్ణముతో పెద్దదిగా నుండునది కణుజు. బయలునేలలలో మందలుగా తిరుగునది కృష్ణజింక. ఆంధ్రప్రదేశము కృష్ణజింకను, తెలంగాణము చుక్కలదుప్పిని రాష్ట్రజంతువులుగా స్వీకరించినవి.

ఇక ఉపాయము. దుప్పి మనిషియెత్తు కంచెను సయితము దాటగలదు. అందుచేత లోపలి పచ్చదనము కనబడు తీగవల కట్టువారు ఎనిమిదడుగుల యెత్తున కట్టినగాని ఫలము లేదు. అది అందఱికి సాధ్యము కాదు. అయితే ఆ జంతువునకు ఒక స్వభావము గలదు. కాలు మోపబోవు చోటు కంటికి కనబడనిదే అది దూకుటకు వెనుదీయును. ఈ యొక్క స్వభావమును గుర్తించినచో సగము పని తీరినట్లే. ఆఱడుగుల తాటాకుదడిగాని, కందికంప దడిగాని సందులేకుండ కట్టినచో, అంతకంటె ఎత్తయిన తీగవల చేయు పనిని చాలవఱకు అదియే చేయును. నేడు మన రైతులు పొలముచుట్టు పాతచీరలు కట్టుటయు నిందులకే. చీర బలము చేత గాక చూపును ఆపుటచేత కాపాడుచున్నది.

దడి అడుగున జానెడు సందును విడువరాదు. దూకుటకంటె దూరుటకే దుప్పి ముందుగా యత్నించును. తడికను ప్రొద్దుగ్రుంకకమునుపే మూయవలయును. దడికి తాటాకు చాలనివారు నాలుగడుగుల కంచెలు రెండింటిని, నడుమ నాలుగైదడుగుల యెడముతో వేయవచ్చును. ఎత్తును వెడల్పును ఒక్క దూకున దాటుట దానికి కష్టము. దడి వెలుపల వాకను, గచ్చను నాటినచో కొన్ని యేండ్లకు అదియే ముండ్లకోటయగును. వాక్కాయలు పచ్చడికి అదనము.

మడుల యమరికయు ముఖ్యమే. తోటకూర, చిక్కుడు, చిలగడదుంప దుప్పికి మిక్కిలి ప్రియములు. వానిని ఇంటిగోడ ప్రక్కను వేయవలయును. ఘాటుగల వెల్లుల్లి, ఉల్లి, పుదీనా వెలుపలి వరుసకు తగును. అయినను కఱవునాడు ఆకలిగొన్న దుప్పికి ఘాటు అడ్డురాదు. దిష్టిబొమ్మలును, డబ్బాల చప్పుడును కొన్నినాళ్లే పనిచేయును. పిమ్మట అది వానికి అలవాటు పడును. చోటు మార్చుచుండిన కొంత మేలు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. కొందఱు ఇంటి కరెంటును తీగకు కలిపి రాత్రులు పెరటిచుట్టు వదలుచున్నారు. ఆ తీగ దుప్పిని మనిషిని వేఱుచేసి చూడదు. తెల్లవారుజామున మడికి నీరు కట్టబోయిన పొరుగువాడు, తప్పిపోయిన దూడను వెదకబోయిన పసివాడు దానికి బలియైన వార్తలు పత్రికలలో తఱచుగా చదువుచున్నాము. నాలుగు కట్టల కూరకు ఒక నిండుప్రాణము వెలయా? 1972 నాటి వన్యప్రాణిసంరక్షణచట్టము ప్రకారము కాల్చుటయే గాక, ఉచ్చు పన్నుటయు, విషము పెట్టుటయు వేటయే. అందులకు యత్నించుటయు వేటయే. సూర్యరశ్మితో నడచు సౌరకంచె వేఱు. అందు విద్యుత్తు క్షణమాత్రము తాకి విడుచును. బెదరించునే గాని పట్టి చంపదు. విస్తారమైన చేనికి అది తగును. పెరటికి దడి చాలును.

దుప్పి పెరటిలో చిక్కినచో తఱుమరాదు. కుక్కలను కట్టివేసి, తడిక తెఱచి, దూరముగా తొలగవలయును. బెదరి పరుగెత్తిన మృగము గాయము లేకయే ప్రాణము విడుచుట గలదు. గాయపడినచో అటవీశాఖవారికి తెలుపవలయును.

మనకు దయయు వలయును, కూరయు వలయును. ఈ రెండింటికి వైరము లేదు. ఊరిపెద్దలకు నాదొక్క మనవి. వేసవి రాకమునుపే రచ్చకడ నలుగురిని కూర్చుండబెట్టి, ఏ పెరటిచుట్టును కరెంటుతీగ ఉండరాదని కట్టుబాటు చేయుడు. దడి కట్టలేని వృద్ధులకును, వితంతువులకును ఊరివారు ఒక్కపూట చేయిసాయము చేసినచో, కరెంటుతీగ జోలికి పోవలసిన అక్కఱ ఎవరికిని ఉండదు.