స్టేషన్ పక్కన మాల్.. ఊరవతల పేదోడి ఇల్లు

(ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి సమస్య వేరు, ప్రయాణ సమస్య వేరు అని పాలకులు మనకు చెప్తూ వచ్చారు. ఇంటికొక శాఖ, బస్సుకొక శాఖ పెట్టారు. కానీ కిరాయి, టికెట్ పైసలు రెండూ మన ఒక్క జేబులోంచే పోతున్నాయి. కిరాయి తక్కువని ఊరవతలికి పోతే మిగిలింది కాస్తా పెట్రోలు మింగుతున్నది. అందుకే మనం ఈ రెంటినీ కలిపే మాట్లాడాలి.

మెట్రో సంగతే చూద్దాం. 2010లో ఒప్పందం కుదిరింది, 2017 నవంబరులో రైలు కదిలింది. మూడు మార్గాలు, 69 కిలోమీటర్లు. దానికి కేంద్రం 1,458 కోట్ల గ్రాంటు మంజూరు చేసింది. డిపోలు, స్టేషన్ల దగ్గర 269 ఎకరాల సర్కారు జాగను వాణిజ్య అవసరాలకు అప్పగించారు. ఒక్క టికెట్ల మీదనే మెట్రో నడవదన్నారు. అందులో నిజం లేకపోలేదు. మరి ఆ జాగలో లేచినవేమిటి? పంజాగుట్టలో మాల్, ఎర్రమంజిల్‌లో మాల్, హైటెక్ సిటీలో మాల్, మూసారాంబాగ్‌లో మాల్! ఆ మాల్‌ను ఊడ్చే అక్క, గేటు కాడ నిలబడే అన్న ఎక్కడ ఉండాలె?

ఇండ్లు కట్టలేదా అంటే, కట్టారు. కొల్లూరులో 145 ఎకరాల్లో కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూం ఇండ్లను 2023 జూన్‌లో ప్రారంభించారు. గోడలు గట్టివే, గదులు మంచివే. కానీ అవి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్నాయి. నగరం నడుమ బస్తీలో బతికినోళ్లకు ఇల్లు వచ్చింది, పని దూరమైంది. ఇల్లిచ్చి కూలి అడ్డాను దూరం చేస్తే అది సగం న్యాయమే.

స్టేషన్ దగ్గర జాగ ఖరీదెక్కువ, పేదలకు ఎట్లా ఇస్తాం అని అడుగుతారు. ఆ ఖరీదు పెంచిందెవరు? ప్రజల సొమ్ముతో రైలొచ్చాకనే కదా రేటు పెరిగింది! ఆ పెరుగుదలలో ప్రజలకు వాటా ఉండాలె.

ఇది గాలిలో మాట కాదు. మన పిల్లలు ఎందరో కొలువులు చేస్తున్న కాలిఫోర్నియాలో 2014లో చట్టం చేశారు. కాలుష్యం వదిలే కంపెనీలకు వేలంలో అమ్మే అనుమతుల సొమ్ములో 20 శాతాన్ని ఒక పథకానికి కేటాయించారు. రైలు, బస్సు దగ్గర తక్కువ ఆదాయం వాళ్లకు ఇండ్లు, వాటితో పాటు బస్సులు, సైకిల్ దారులు, నడకదారులు ఆ ఒక్క పథకం కిందే కడతారు. మన కేంద్ర సర్కారు కూడా 2017లో తెచ్చిన విధానంలో స్టేషన్ల చుట్టూ చవక ఇండ్లకు వాటా ఉండాలని రాసుకున్నది. రాత కాగితం మీదనే ఉంటే కడుపు నిండదు.

మెట్రో రెండో దశ ప్రతిపాదనలు 2024 నవంబరులో కేంద్రానికి వెళ్లాయి. స్తంభాలు లేచినాక అడిగితే జాగ మిగలదు. మేం కోరేది మూడే.

ఒకటి: కొత్త స్టేషన్ల దగ్గరి సర్కారు జాగలో నడిచిపోయేంత దూరంలోనే చిరుద్యోగులకు, కూలీలకు, విద్యార్థులకు కిరాయి ఇండ్లు, హాస్టళ్లు కట్టాలి.

రెండు: అక్కడ బిల్డర్లు కట్టే రుసుముల్లోంచి దీనికి ప్రత్యేక నిధి పెట్టాలి, లెక్క ఏటా ప్రజల ముందుంచాలి.

మూడు: ఇప్పటికే ఊరవతలికి పంపిన కాలనీలకు పొద్దు, మాపు సరిపడా బస్సులు నడపాలి. 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. సంతోషమే. బస్సే రాని కాలనీకి ఉచిత టికెట్ ఏం ఆసర?

జాగ ప్రజలది, సొమ్ము ప్రజలది. స్టేషన్ పక్కన చోటు కూడా ప్రజలదే కావాలి. వార్డు సభల్లో, యూనియన్ మీటింగుల్లో, క్యాంపస్‌లలో ఈ మాట ఎత్తుకుందాం రండి!