మాటకు తోడే అర్థం
(వేలూరులో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వృత్తిరీత్యా న్యాయవాదిని, భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాను. అయినా మాటకు అర్థం ఏమిటన్న ప్రశ్న పండితులకు ఎంత ముఖ్యమో మా వృత్తిలోనూ అంతే ముఖ్యం. చట్టంలోని ఒక్క మాటకు ఏ అర్థం చెప్పారన్నదాని మీద ఒక బిడ్డ చదువు, ఒక కుటుంబం ఆస్తి ఆధారపడి ఉంటాయి. మాటల అర్థాన్ని తేల్చడానికి ప్రపంచంలో బాగా వాడుకలోకి వచ్చిన ఒక పద్ధతి ఉంది. దాని గురించి, అందులో మన సరిహద్దు తెలుగుకు దక్కవలసిన చోటు గురించి ఈ రోజు మీతో మాట్లాడదలచాను.

ఒక్క మాట, అయిదు అర్థాలు

గుడియాత్తం లుంగీలకు పేరుపడ్డ ఊరు. కనుక మగ్గం దగ్గరే మొదలుపెడదాం. ఈ అయిదు వాక్యాలు వినండి.

అచ్చులో పోగులు అతకడానికి పొద్దంతా పట్టింది.
‘రాముడు’ అన్న మాట చివర ఉన్న అచ్చు ‘ఉ’కారమని పంతులుగారు చెప్పారు.
పెళ్లి శుభలేఖలు అచ్చుకు ఇచ్చి వచ్చాం.
సంతలో నాలుగు బెల్లం అచ్చులు కొన్నది.
వీడు అచ్చు వాళ్ల తాత పోలికే.

‘అచ్చు’ అన్న మాట అయిదింటిలోనూ ఉంది. అర్థం మాత్రం అయిదు విధాలు. ఏ వాక్యంలో ఏ అర్థమో మీకెవరూ చెప్పలేదు. పోగులు అనగానే మగ్గం తోచింది, పంతులుగారు అనగానే వ్యాకరణం తోచింది, బెల్లం అనగానే తీపి తోచింది. మాట అర్థాన్ని మీకు అందించినవి దాని పక్కనున్న మాటలే.

ఇది పడమటి దేశాల వారు కొత్తగా కనిపెట్టినది కాదు. దాదాపు అయిదో శతాబ్దానికి చెందిన భర్తృహరి తన వాక్యపదీయంలో, అనేకార్థాలున్న మాటకు ఒక అర్థాన్ని నిర్ణయించే కారణాలను వరసగా చెప్పాడు. వాటిలో సంయోగం ఉంది, ప్రకరణం ఉంది, సాహచర్యం ఉంది. భోజనం దగ్గర సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి సిద్ధమవుతూ తెమ్మంటే గుర్రాన్ని తేవాలి. లక్ష్మణుడి పక్కన ఉన్న రాముడు దశరథుని కొడుకే అవుతాడు గాని పరశురాముడు కాడు. మన పెద్దలు సాహచర్యం అన్న దాన్నే 1957లో ఇంగ్లండులో జె.ఆర్.ఫర్త్ అనే ఆచార్యుడు ఆధునిక భాషాశాస్త్రంలో నిలబెట్టాడు. మాటను దాని సహవాసాన్ని బట్టి గుర్తించాలన్నది ఆయన మతం.

పాఠనిధి అంటే

కొత్తగా వచ్చినదల్లా ఈ సహవాసాన్ని లెక్కగట్టే సాధనం. దాన్ని ఇంగ్లీషులో కార్పస్ అంటారు. మనం పాఠనిధి అందాం. పత్రికలు, కథలు, ఉత్తరాలు, సంభాషణలు, ఇలా భాష నిజంగా వాడుకలో ఉన్న చోట్ల నుంచి నమూనాలు సేకరించి, ప్రతి నమూనా ఎక్కడిదో, ఎప్పటిదో, ఎవరిదో గుర్తు వేసి, వెతకడానికి వీలుగా దాచిన నిల్వ అది. ఒక మాట కావాలని అడిగితే, ఆ మాట వచ్చిన వాక్యాలన్నిటినీ ఒకదాని కింద ఒకటి పేర్చి, మాటను నడుమ నిలిపి, రెండు వైపులా దాని ఇరుగుపొరుగును చూపిస్తుంది. ఇందాక మనం అయిదు వాక్యాలతో చేసిన పనిని అది లక్ష వాక్యాలతో చేస్తుంది.

అమెరికాలో 1961లో అచ్చయిన రచనల నుంచి పది లక్షల మాటలతో బ్రౌన్ కార్పస్ తయారైంది. మన సి.పి.బ్రౌన్‌కూ దానికీ సంబంధం లేదు, అది ఒక విశ్వవిద్యాలయం పేరు. ఇంగ్లండులో జాన్ సింక్లెయిర్ నాయకత్వాన 1987లో వెలువడిన కోబిల్డ్ నిఘంటువు అర్థాలనూ ఉదాహరణలనూ నిజమైన వాడుక నుంచి తీసుకుంది. మన దేశంలో 1991లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం కింద భారతీయ భాషలకు తలా ముప్ఫై లక్షల మాటల నిధులు కట్టడానికి పూనుకున్నారు. దక్షిణాది భాషల భారం మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ వహించింది. కంప్యూటర్ చేతికి రాకముందే నన్నయ పదప్రయోగ కోశం వంటి గ్రంథాలను మనవాళ్లు కాగితం, కలంతో సాధించారన్నది మరువరాదు.

న్యాయస్థానంలో మాట

న్యాయవాదిగా నన్ను ఇటువైపు లాగినవి రెండు అమెరికా తీర్పులు. 1998లో అక్కడి సుప్రీంకోర్టు ముందుకు మస్కరెల్లో అనే వ్యక్తి కేసు వచ్చింది. మాదకద్రవ్యాల నేరంలో తుపాకీని వెంట తీసుకుపోతే అదనపు శిక్ష. అతని తుపాకీ ఒంటి మీద లేదు, బండిలో తాళం వేసిన అరలో ఉంది. అది వెంట తీసుకుపోవడమా, కాదా? మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ బ్రేయర్ నిఘంటువులతో తృప్తి పడక, పత్రికల కంప్యూటర్ నిల్వల్లో ఆ మాట వాడుకను వెతికించారు. బండిలో తీసుకుపోవడానికి కూడా జనం ఆ మాట వాడుతున్నారని తేల్చారు. ఒక్క ఓటు తేడాతో శిక్ష నిలిచింది. ఆ అర్థం లోకంలో ఉన్నంత మాత్రాన ఈ చట్టంలో అదే అర్థమని ఎలా చెబుతారని మిగిలిన నలుగురు న్యాయమూర్తుల తరఫున భిన్నాభిప్రాయం వెలువడింది. నా దృష్టిలో ఆ ప్రశ్నలో బలముంది.

రెండోది 2011 నాటిది. ఏటీ అండ్ టీ అనే కంపెనీ, చట్టంలో ‘వ్యక్తి’ అంటే కంపెనీ కూడా కనుక ‘వ్యక్తిగత గోప్యత’ తనకూ ఉందని వాదించింది. కోర్టుకు సహాయంగా దాఖలైన ఒక నివేదిక ఆ మాట ఏయే మాటలతో జత కడుతుందో పాఠనిధుల నుంచి చూపింది. కోర్టు కంపెనీ వాదాన్ని ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. రెండు మాటలు కలిసినప్పుడు విడివిడిగా లేని అర్థం పుడుతుందని అది గ్రహించింది.

మన కథకు వద్దాం. ‘అల్పసంఖ్యాకులు’ అన్న మాట చూడండి. 2002లో టి.ఎం.ఎ.పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం భాషాల్పసంఖ్యాకులను రాష్ట్రం ప్రాతిపదికగా గుర్తించాలని చెప్పింది. పలమనేరు దారిలో సరిహద్దు దాటితే తెలుగువాడు అధికసంఖ్యాకుడు, ఇటు వస్తే అల్పసంఖ్యాకుడు. మనిషి మారలేదు, మాట మారలేదు, సందర్భం మారింది. ఆ సందర్భమైనా ఎంత పాతది? 1911లో ఉత్తర ఆర్కాటు తాలూకాలు కొన్ని విడదీసి చిత్తూరు జిల్లా ఏర్పరచారు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పు అమలయింది. మన ఇళ్లలో తెలుగు ఆ గీతల కన్నా పాతది.

అలాగే ‘మాతృభాష’. జనగణనలో ఆ మాటకు బాల్యంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష అని అర్థం చెబుతారు. రాజ్యాంగం 350ఎ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమంటుంది. అక్కడి ‘మాతృభాష’ అంటే ఏమిటన్న ప్రశ్న 2014లో కర్ణాటక పాఠశాలల కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చింది. ఆ సందర్భంలో అది భాషాల్పసంఖ్యాకుల భాష అని, బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించేది తల్లిదండ్రులేనని కోర్టు చెప్పింది. దాన్ని బోధనా మాధ్యమంగా ఎవరి మీదా ప్రభుత్వం రుద్దరాదని కూడా అదే తీర్పు చెప్పింది. అంటే తాళంచెవి మన చేతికి ఇచ్చింది. తలుపు తీయడం, తీయకపోవడం మన ఇష్టానికి వదిలింది.

ఎవరి తెలుగు?

ఇప్పుడు అసలు విషయం. ‘అవసరం’ అన్న మాట కోస్తా పత్రికల్లో ఎక్కువగా ‘కావలసినది’ అన్న అర్థంలో కనిపిస్తుంది. డబ్బు అవసరం, సాయం అవసరం అంటారు. తమిళంలో అదే మాటకు తొందర అని అర్థం. మన ఇళ్లలో రెండూ ఉన్నాయి. ‘వాడికి డబ్బు అవసరం’ అంటాం, ‘వాడు అవసరంగా పోతా ఉండాడు’ అనీ అంటాం. మనకు తడబాటు లేదు, పక్క మాటలే దారి చూపుతాయి. అలాగే ‘కల్యాణం’. ఆంధ్ర ప్రాంతంలో ఆ మాట ఎక్కువగా దేవుడి పక్కన, మండపం పక్కన కనిపిస్తుంది. పక్కింటి అమ్మాయిది పెళ్లి. మన వీధుల్లో తమిళంతో కలిసి మెలిగిన చోట ఆ అమ్మాయిదీ కల్యాణమే.

ఒక తల్లి బడికి చీటీ రాసిందనుకోండి: ‘పాప అవసరంగా ఊరికి పోయింది.’ విజయవాడ పత్రికలతో మాత్రమే కట్టిన పాఠనిధిని నమ్ముకున్న యంత్రం దాన్ని తప్పుగా చదువుతుంది. ఆ నిధిని బట్టి రాసిన పాఠ్యపుస్తకం చదివిన పంతులు దాన్ని తప్పుగా దిద్దుతాడు. బిడ్డ ఇంటికి వచ్చి, అమ్మా, నీ తెలుగు తప్పంట అంటుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో తెలుగు ఎన్నాళ్లు నిలుస్తుందో ఆలోచించండి. తప్పు తల్లిది కాదు. ఆమె మాట నిధిలో లేకపోవడమే లోటు.

ఈ లోటు కొత్తది కాదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యాన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. రైతు నోట, నేతగాని నోట ఉన్న మాటను పండితుని మాటతో సమానంగా నిలబెట్టిన మహాకార్యం అది. అయితే ఆ సర్వే ఎల్లలు ఆంధ్రప్రదేశ్ ఎల్లలే. గుడియాత్తం మగ్గం గుంటలో వినబడే తెలుగు వాటికి బయట ఉండిపోయింది.

ఈ కాలంలో నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. భారతీయ భాషల మధ్య అనువాదానికి కేంద్రం 2022లో భాషిణిని ప్రారంభించింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ‘వాణి’ పేరుతో జిల్లాల వారీగా జనం మాటను రికార్డు చేసే పని చేపట్టింది. మంచి పనులే. వేలూరు జిల్లా పేరు కింద తెలుగు కూడా రికార్డయిందా అని అడగవలసింది మాత్రం మనమే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పాఠనిధి లెక్కను చూపుతుంది, న్యాయాన్ని చూపదు. కోటి వాక్యాల్లో మన వాడుక పదిసార్లే కనిపిస్తే దాన్ని ‘అరుదు’ అని రాస్తారు, ఆ పైన ‘తప్పు’ అంటారు. అందుకే ప్రతి వాక్యానికీ ఊరు గుర్తు ఉండాలి. ఊరు తెలిస్తే అది ఆ ఊరి వాడుక, తెలియకపోతే అది పొరపాటు. 2011 జనగణనలో తమిళనాట తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షలకు పైగా ఉన్నారు. అయినా 29వ అధికరణం తన భాషను కాపాడుకునే హక్కును ఇంతమంది ఉంటేనే అని ఇవ్వలేదు. పౌరుల్లోని ఏ వర్గానికైనా ఇచ్చింది.

మనం చేయవలసినది

మొదటిది, వినడం. ఇంట్లో పెద్దవారి మాటలను ఫోనులో రికార్డు చేయండి. వంట, నేత, వైద్యం, పెళ్లి, వానలు, ఏదైనా సరే. ముందు వారి అనుమతి అడగండి. ఊరు, వయసు, వృత్తి రాయండి, పేర్లు తీసివేయండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. మన పనిలోనూ ఆ పద్ధతే పాటిద్దాం.

రెండోది, దిద్దకపోవడం. విన్నది విన్నట్లు రాయండి. ‘ఉండాడు’ను ‘ఉన్నాడు’ చేస్తే మీరు సేకరించింది అవ్వ తెలుగు కాదు, మీ బడి తెలుగు.

మూడోది, పాత కాగితాలు. పెట్టెల్లోని తెలుగు దస్తావేజులు, శుభలేఖలు, ఉత్తరాలు ఫోటో తీయండి. ఉత్తరం అందుకున్నవారి ఇంట్లో ఉన్నా, దాని మీద రచనాహక్కు రాసినవారిదే. 1957 చట్టం ప్రకారం, రచయిత బతికుండగా ప్రచురితం కాని రచన మీద అది మొదటి ప్రచురణ తర్వాత అరవై ఏళ్ల దాకా నిలుస్తుంది. కనుక ప్రచురించే ముందు ఆ కుటుంబాన్ని అడగాలి.

నాలుగోది, చెప్పుకోవడం. 2027 జనగణనకు కేంద్రం 2025 జూన్‌లో ప్రకటన వెలువరించింది. మాతృభాష గడిలో ఏం రాయాలో ఇంటిల్లిపాదీ ముందుగా మాట్లాడుకోండి.

2006 తమిళ అభ్యసన చట్టం నాటి నుంచి మనం పరీక్షల విషయమై న్యాయస్థానాల మెట్లు ఎక్కుతూనే ఉన్నాం. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పదో తరగతి పరీక్షకు తమిళ పత్రం నుంచి భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మినహాయింపు పొడిగించింది. ఆ పోరాటం తెలుగు పత్రం ఉండాలా అన్నదాని గురించి. నేను ఇప్పుడు చెప్పిన పని ఆ పత్రంలో ఉండేది ఎవరి తెలుగన్నదాని గురించి. మొదటి దానికి న్యాయవాదులు కావాలి. రెండో దానికి మన అవ్వలు, తాతలు, వారి పక్కన ఓపికగా కూర్చునే మనవళ్లు, మనవరాళ్లు చాలు.