విదేశీ విద్యకు తొమ్మిదవ తరగతిలోనే తొలి అడుగు



1923లో బోస్టన్ నగరంలో అడుగిడిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో రెండుమార్లు తప్పి, మూడవమారు గట్టెక్కినవారు. మద్రాసులో ఆయనకు దక్కినది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకంటె చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. ప్రయాణానికి మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ధనసహాయం చేశారు. హార్వర్డులో ఆసుపత్రి కొలువు చేసుకుంటూ చదివి, 1930లో పిహెచ్.డి. పొందారు. ప్రతిభ గెలిచింది, కాని పట్టా కొరత, ధనం కొరత ఆయనను చాలా శ్రమ పెట్టాయి.

నేటి రాయచూరు సీమ విద్యార్థికి ముందుగానే సిద్ధపడే వీలున్నది. అమెరికా విశ్వవిద్యాలయాలు డిగ్రీ ప్రవేశానికి సాధారణంగా తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు నాలుగేండ్ల మార్కులు చూస్తాయి. ఎస్.ఎస్.ఎల్.సి. ముగిశాక ఆలోచిద్దామనుకుంటే అందులో రెండేండ్లు అప్పటికే గడిచిపోతాయి. కనుక తొమ్మిదవ తరగతి మార్కుల పట్టికను తల్లిదండ్రులు భద్రపరచాలి. జనన ధ్రువపత్రం, పాఠశాల రికార్డు, పాస్‌పోర్టులలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకే తీరుగా ఉండాలి. టోఫెల్, ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ఫలితాలు రెండేండ్లే చెల్లుతాయి. పరీక్షకు తొందర లేదు. తెలుగులో నేర్చిన పాఠాన్ని రోజుకొక పేరా ఇంగ్లీషులో వ్రాసే అభ్యాసం మాత్రం నేడే ఆరంభించాలి. జర్మనీలో పెక్కు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు బోధన రుసుము తీసుకోవు. అయినను జీవనవ్యయానికి సొమ్మున్నదని వీసాకు ముందే చూపవలసి ఉంటుంది.

తుంగభద్ర కాలువ క్రింద నారుమడి సిద్ధం చేయక నాట్లకు దిగే రైతు లేడు. పిల్లల చదువుకు ఆ నారుమడి ఈ పాఠశాలే.