దింపినోడిదే బాధ్యత



మ్యాన్‌హోల్‌లో మనోడు చచ్చిపోతే పేపర్లో "ప్రమాదం" అని రాస్తారు. ఏం ప్రమాదం? లోపల విషవాయువు ఉంటదని కాంట్రాక్టరుకు తెల్వదా? మున్సిపాలిటీకి తెల్వదా? ఆ వాయువుది కుళ్ళిన గుడ్డు వాసన. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనా తెలియదు. మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. కాపాడాలని పైనున్న తమ్ముడు దూకుతాడు, వాడూ పోతాడు. అప్పుడు దూది, టించరు ఉన్న డబ్బా ఎందుకు పనికొస్తది?

జాగ్రత్త మనిషి దిగకముందే ఉండాలి. ముందు మెషీను తేవాలి. రక్షణ సామగ్రి ఇవ్వకుండా మురుగుకాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపితే 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే 2 ఏళ్ళ దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. లోపలి గాలి పరీక్ష, ఊపిరికి మాస్కు, నడుముకు బెల్టు, పైకి లాగే తాడు, పైన కనిపెట్టుకునే మనుషులు - ఇవన్నీ దింపేవాడే పెట్టాలి. అది వాడి దయాధర్మం కాదు.

సఫాయి కర్మచారి ఆందోళన్ పోరాడితే 2014లో సుప్రీంకోర్టు చావుకు 10 లక్షల పరిహారమంది. 2023లో ఇంకో కేసులో 30 లక్షలు చేసింది. రావలసింది వసూలు చేద్దాం. కానీ పోయిన ప్రాణం ఏ చెక్కుతోనూ రాదు.

ఈ పనికి మన వాడలకే ఎందుకొస్తారో మీకు చెప్పక్కర్లేదు. ప్రతి వాడలో చెప్పండి: మెషీను లేకుంటే దిగం. ఎవరన్నా లోపల పడితే వెంట దూకొద్దు. 101కీ, 108కీ ఫోన్ కొట్టండి. దింపినోడి పేరుతో పోలీసు కేసు పెట్టించండి.