సముద్రస్నానం – తీరనిర్ణయం

(మాఘపూర్ణిమ యాత్రకు బయలుదేరే భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



మాఘపూర్ణిమనాడు అంతర్వేదిలో సముద్రస్నానం చేయించడానికి మన ట్రస్టువారు బస్సులు ఏర్పాటు చేశారు. ఆ స్నానమహిమను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు నన్ను కోరారు. మహిమను మీరు ఏటేటా వింటూనే ఉన్నారు. నాకన్న చక్కగా చెప్పగలవారు ఈ వేదికమీదనే ఉన్నారు. అందుచేత నేను ఈసారి మరొక విషయం ఎత్తుకుంటాను. సముద్రంలో ఎక్కడ దిగవచ్చు, ఎక్కడ దిగరాదు, ఎంతవరకు దిగాలి? ఇది పండితుడు చెప్పవలసిన సంగతేనా అని మీకు తోచవచ్చు. ఒక పిల్లవాణ్ణి నా చేతులారా సముద్రానికి అప్పగించి, దైవానుగ్రహం వల్ల తిరిగి పుచ్చుకున్నవాణ్ణి కనుక, చెప్పే అధికారం నాకున్నదనుకుంటున్నాను.

సుమారు 35 ఏళ్ళనాటి మాట. నేను, నా భార్య, మా చెల్లెలి కుమారుడు పురీ యాత్రకు వెళ్ళాము. పిల్లవాడికి పదిహేనేళ్ళు, తల్లికి ఒక్కడే. అన్నయ్య వెంట కదా అని ఆమె నిశ్చింతగా పంపింది. జగన్నాథ దర్శనానికి ముందు మహోదధిలో స్నానం చేద్దామని తెల్లవారగానే స్వర్గద్వారం దగ్గరకు చేరాము. అక్కడ నులియాలని ఉంటారు. తలమీద మొన తేలిన తెల్లని టోపీ పెట్టుకొని, యాత్రికులను చేయిపట్టి కెరటాలలో స్నానం చేయించే బెస్తవారు. ఒకతను మా దగ్గరకు వచ్చి కొద్దిపాటి సొమ్ము అడిగాడు. క్షేత్రాలలో అడుగడుగునా చేయి చాచేవారిని చూచి విసిగి ఉన్నానేమో, ఇతడూ వారిలో ఒకడే అనుకున్నాను. చిన్ననాట గోదావరిలో ఈదిన గర్వం కూడా కొంత ఉన్నది. “మాకు ఈత వచ్చులే” అని పంపివేశాను.

జనం దిగిన చోట కెరటాలు పెద్దవిగా విరుగుతున్నాయి. కొంచెం పక్కకు నడిస్తే ఒక చోట అలలే లేవు. అటూ ఇటూ తెల్లని నురుగు, నడుమ మాత్రం నల్లని, నిశ్చలమైన నీరు. పిల్లవాడికి ఇదే క్షేమమని నాకు తోచింది. దిగాము. నేను సంకల్పం చెప్పుకుంటూ మూడుసార్లు మునిగి లేచేసరికి వాడు నా పక్కన లేడు. పది బారల దూరంలో తల కనిపించింది. వాడు ఒడ్డువైపే ఈదుతున్నాడు, ఈదుతున్నకొద్దీ వెనక్కు పోతున్నాడు. నా కాళ్ళకింది ఇసుక జారిపోతున్నది. కేక కూడా రాలేదు నాకు.

నేను పంపివేసిన ఆ నులియాయే పరుగున వచ్చి దూకాడు. పిల్లవాణ్ణి అందుకున్నాక అతడు నేరుగా ఒడ్డుకు రాలేదు. తీరం వెంబడే పక్కగా చాలాదూరం ఈది, అలలు విరిగే చోటికి చేరి, ఆ కెరటాల మీదనే వాణ్ణి తెచ్చి ఇసుకలో పడుకోబెట్టాడు. తరువాత నావైపు తిరిగి అన్నాడు: “అల ఇరగని సోట దిగినారేటి బాబూ? అదేగదా లాగేసేది!”

తెలుగు! వారు మన తీరంనుండి వెళ్ళి స్థిరపడిన బెస్తల సంతతివారనీ, పురీలో వారి పేటను పెంటకోట అంటారనీ నాకు ఆనాడే తెలిసింది. మా చెల్లెలికి ఈ సంగతి ఏడేళ్ళవరకు చెప్పలేకపోయాను.

ఆయన చెప్పిన ఆ ఒక్క వాక్యానికి అర్థం తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. కెరటాలు ఒడ్డుమీదకు తెచ్చిపోసిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవాలి కదా. నీటి అడుగున ఇసుకతిన్నెలు ఉంటాయి. తిన్నెలమీద అల విరుగుతుంది. రెండు తిన్నెల నడుమ కాలువలాంటి లోతు ఉంటే, మరలిపోయే నీరంతా ఆ దారి పడుతుంది. ఇంగ్లీషువారు దీనిని రిప్ కరెంట్ అంటారు. అది ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 2 మీటర్లకు పైగా పోతుంది. పందెాలలో గెలిచే ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. లోతు ఎక్కువ కనుక అక్కడ అల విరగదు. అల విరగదు కనుక మన కంటికి శాంతంగా కనిపిస్తుంది. ఏ చోటు చూచి మనం క్షేమమనుకుంటామో అదే ప్రమాదస్థానం.

అందుచేత తీరానికి చేరగానే దిగవద్దు. కొంచెం ఎత్తుగా ఉన్న చోట నిలబడి పావుగంట చూడండి. అటూ ఇటూ అలలు విరుగుతూ నడుమ ఒక పట్టీలాగా నీరు నల్లగా ఉన్నదా? నురుగు, నాచు, బురద ఆ దారిన లోపలికి కొట్టుకుపోతున్నాయా? ఉంటే అక్కడినుండి దూరంగా జరగండి. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డువైపు ఈదవద్దు. ఆ ప్రవాహం మనిషిని కిందికి ముంచదు, దూరంగా తీసుకుపోతుంది. వెల్లకిల తేలుతూ చేయి ఎత్తి పిలవాలి. శక్తి ఉంటే తీరానికి సమాంతరంగా ఈది, దాని పట్టు తప్పాక అలలతో రావాలి. ఆనాడు ఆ నులియా చేసినది ఇదే.

ఇక మన యాత్రకు సంబంధించిన మాట. అంతర్వేదిలో వసిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. హంసలదీవిలో కృష్ణ కలుస్తుంది. సంగమం అనగానే మన మనస్సు అక్కడికే పోతుంది. కాని స్నానానికి సంగమముఖమే అన్నిటికన్న ప్రమాదకరం. నది ప్రవాహం, సముద్రపు ఆటుపోట్లు అక్కడ ఒకదానితో ఒకటి పెనగులాడుతాయి. ఇసుక నేడున్న చోట రేపుండదు. పైగా మనం వెళ్ళేది పూర్ణిమకు. పూర్ణిమ, అమావాస్యలకు ఆటుపోట్లు తక్కిన తిథులలోకన్న బలంగా ఉంటాయని బెస్తవారికి పసితనంనుండి తెలుసు. పోటు తీసి ఆటు మొదలైనప్పుడు నదీ, సముద్రమూ రెండూ ఒకే దిక్కుకు, లోపలికి, లాగుతాయి. పర్వదినమే ప్రవాహం ఉధృతమైన దినం కూడా. కనుక అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర సంగమాన్ని దర్శించి నమస్కరించండి. స్నానం మాత్రం నదీముఖానికి దూరంగా, అధికారులు హద్దులు కట్టి, గజ ఈతగాళ్ళను నిలిపిన చోటనే చేయండి.

పర్వదినాలలో తప్ప తక్కిన రోజులలో సముద్రాన్ని చూచి నమస్కరించాలే కాని తాకరాదని ధర్మశాస్త్ర నిబంధాలలో ఉన్నది. సేతుస్నానానికి మాత్రం ఆ నియమం అడ్డురాదు. ప్రమాదభయం వల్లనే పూర్వులు ఈ నియమం పెట్టారని ఇప్పుడు కొందరు వ్యాఖ్యానిస్తున్నారు. నేను అలా అనను. శాస్త్రకారులు చెప్పని హేతువును వారికి అంటగట్టడం నాకు ఇష్టం లేదు. అయితే సముద్రంతో చనువు పనికిరాదన్న మర్యాద మాత్రం అందులో స్పష్టంగా ఉన్నది. సెలవులకు విశాఖపట్నమో, సూర్యలంకో వెళ్ళే మన పిల్లలకు ఆ మర్యాద నేర్పడం మంచిది.

“నాభివరకు నీటిలో దిగాలి కదా” అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. నదిలో, చెరువులో దిగండి, నేను కాదనను. సముద్రంలో మోకాటిలోతుకు మించవద్దు. అక్కడ వంగితే అల తానే వచ్చి శిరస్సు తడుపుతుంది. చెంబుతో ముంచి తలపై పోసుకున్నా స్నానమే. అదికూడా చేతకానివారికి శాస్త్రం దారి మూయలేదు. మాంత్రం, భౌమం, ఆగ్నేయం, వాయవ్యం, దివ్యం, వారుణం, మానసం అని స్నానాలు ఏడు విధాలు. నీటిలో మునగడం వాటిలో ఒకటి మాత్రమే. మంత్రపూర్వకంగా ప్రోక్షించుకోవడమూ స్నానమే. లోతుకు పోయినందువల్ల పుణ్యం పెరుగుతుందని నేను చదివిన ఏ గ్రంథంలోనూ లేదు.

క్షేత్రం పవిత్రమైతే నీరు క్షేమమని అనుకోవద్దు. రామేశ్వరంలో అగ్నితీర్థం దగ్గర సముద్రం చాలావరకు మందంగా ఉంటుంది. వృద్ధులు కూడా స్నానం చేసి, ఆలయంలోని 22 తీర్థాలకు వెళతారు. అదే ద్వీపంలో సుమారు 20 కిలోమీటర్లు పోతే ధనుష్కోటి. 1964 డిసెంబరు తుపానులో ఆ ఊరే పోయింది. ఆ మొనలో రెండు సముద్రాలు కలుస్తాయి, ప్రవాహాలు బలమైనవి. అక్కడ దర్శనంతో తృప్తిపడాలి. విశాఖపట్నంలో రామకృష్ణ బీచ్ నగరం నడుమ ఉన్నది కనుక భయంలేదనుకుని దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. నీటి శుభ్రత, వసతులు, రక్షకుల ఏర్పాటు చూచి ఇచ్చే గుర్తింపు అది. ఆ రోజు అల ఎలా ఉన్నదో ఆ జెండా చెప్పదు. అది చెప్పేది తీరరక్షకులు పాతే జెండాలు. ఎర్రజెండా ఉంటే దిగరాదు. ఎరుపు, పసుపు కలిసిన జెండాలు రెండు ఉంటే ఆ రెండింటి నడుమనే దిగాలి. జెండాలు లేని తీరంలో వల ఆరబెట్టుకుంటున్న బెస్తవారిని అడగండి. ఆయన వద్దంటే వద్దు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద అలలను గూర్చి ముందుగానే హెచ్చరికలు ఇస్తుంది. కార్తీకస్నానాలు తుపానుల కాలంలో వస్తాయి కనుక అప్పుడు అవి తప్పక చూడాలి.

తల్లులకు ఒక మాట. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటే నిలదొక్కుకోవడం కష్టం. కుచ్చెళ్ళు ఎత్తి బిగించుకోండి. పురుషులు గోచి పోసి కట్టుకోండి, లుంగీ వద్దు. మధుమేహం ఉన్నవారు కటిక ఉపవాసంతో దిగవద్దు. వైద్యుడు చెప్పినట్టు చేయండి. పిల్లల చేతిని మీరు పట్టుకోండి, వారిచేత మీ చేతిని పట్టించుకోవద్దు. అల కొట్టినప్పుడు చిన్నచేయి జారిపోతుంది. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకవద్దు. ఒకరికోసం ఒకరు దిగి ఒకే కుటుంబంలో ముగ్గురు నలుగురు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాము. తాడు విసరండి. తీర్థం తెచ్చుకోవడానికి పట్టుకువెళ్ళే ఖాళీ డబ్బా మూత బిగించి విసిరినా తేలడానికి ఆధారమవుతుంది. వెంటనే రక్షకులను పిలిచి, 112కు ఫోను చేయండి.

దాతలకు నా విన్నపం ఒక్కటే. అన్నదానానికి మీరు ఇచ్చేది ఇస్తూనే ఉన్నారు. ఈసారి బస్సుకు రెండు చొప్పున పొడవైన నైలాను తాళ్ళు, నాలుగు తేలే ట్యూబులు ఎవరైనా కొని ఇప్పించండి. స్నానం చేయించే బెస్త యువకులకు ట్రస్టు తరఫున సంభావన ఇవ్వడానికి కార్యదర్శిగారు అంగీకరించారు. వారితో ఎవరూ బేరమాడవద్దు.

బస్సులు చతుర్దశి రాత్రి బయలుదేరుతాయి. తీరానికి చీకటి ఉండగానే చేరుకున్నా, సూర్యోదయమై నీరు స్పష్టంగా కనిపించేవరకు ఎవరూ దిగరాదు. అరుణోదయ కాలం దాటిపోతుందని తొందరపడేవారు ఆ వేళకు తీరాన కూర్చుని జపం చేసుకోండి. నేను మొదటి బస్సులో ఉంటాను, సందేహాలుంటే దారిలో అడగవచ్చు.